కాలు చూడమన్నాను

ఒక కుక్క తల తిప్పి నా వైపు చూసింది. ఆ చూపును చాలా ఏళ్ళుగా మోస్తున్నాను.

మోస్తున్నాను అన్నది అలంకారం కోసం వాడిన మాట కాదు. సభల్లో నాకు దండ వేసినప్పుడల్లా ఆ చూపు గుర్తొచ్చి మెడ వంగేది. వినయం అనుకునేవారు. వినయం నాకు లేదు. నలభై ఏళ్ళు దాటేదాకా నాకు ఉన్నది కోపం ఒక్కటే. మూఢనమ్మకం మీద, దాన్ని అమ్ముకునేవాళ్ళ మీద, దానికి తల ఊపే చదువుకున్నవాళ్ళ మీద. ఆ కోపం ఇప్పటికీ ఉంది. దానికి నేను సిగ్గుపడడం లేదు. నేను సిగ్గుపడుతున్నది ఒక్క నిమిషం గురించి. ఆ నిమిషంలో నా కళ్ళు ఒకటి చూశాయి, నా నోరు మరొకటి చెప్పింది.

నా పేరు ఇక్కడ రాయడం లేదు. కిందటి నెల సభకు వచ్చినవాళ్ళకు నా పేరు తెలుసు. రానివాళ్ళకు పేరుతో పని లేదు. సభలో చెప్పేశాక మళ్ళీ ఎందుకు రాస్తున్నావని మీరు అడగవచ్చు. సభలో చప్పట్లు ఉంటాయి. చప్పట్లు నన్ను ఒకసారి పాడుచేశాయి. కాగితం చప్పట్లు కొట్టదు. మీరు ఒంటరిగా కూర్చుని చదువుతారు, నేను ఒంటరిగా కూర్చుని రాస్తున్నాను. ఈ పద్ధతే నాకు నమ్మకంగా ఉంది.

ముందు నా వృత్తి గురించి కాస్త చెప్పాలి. అది తెలియకపోతే నా తప్పు ఎంత పెద్దదో మీకు తెలియదు.

నేను పశువైద్య కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పేవాణ్ణి. నా పరిశోధన కుక్క వెన్నుపాము మీద. వెన్ను దెబ్బతిన్న కుక్కల్లో ఏది మళ్ళీ నడుస్తుంది, ఏది నడవదు, అది ముందుగా ఎలా తెలుసుకోవాలి అన్నది నా ప్రశ్న. శవాలను కుళ్ళకుండా ఉంచే ఫార్మలిన్ వాసన చొక్కాకు పట్టి ఇంటిదాకా వచ్చేది. చచ్చిన కుక్క తొడలో తుంటి నరాన్ని మొదటిసారి విడదీసి చూసినప్పుడు తెల్లగా, మెరుస్తూ, పట్టుదారాలతో పేనిన సన్నటి తాడులా కనిపించింది. ఇంత చక్కటి వస్తువును ఏ దేవుడూ చెయ్యలేదు, కోట్ల ఏళ్ళ జీవం తనకు తానే చేసుకుంది అని ఆ రోజు నాకు ఎంత గర్వం వేసిందో! ఆ గర్వం కూడా నాకు ఇప్పటికీ ఉంది.

మీరు వేడి పెనం మీద పొరపాటున చెయ్యి పెడితే, కాలిందని మీకు తెలిసేలోపే చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. బళ్ళో చదివే ఉంటారు, అసంకల్పిత ప్రతీకార చర్య. మేం రిఫ్లెక్సు అంటాం. వెన్నుపాము మధ్యలో పూర్తిగా తెగిపోయిన కుక్క వెనకకాలి వేళ్ళ మధ్య చర్మాన్ని గిల్లినా ఆ కాలు ఠక్కున ముడుచుకుంటుంది. గిల్లిన కబురు నడుం దాకా వెళ్ళి, నడుం దగ్గరే జవాబు తీసుకుని వెనక్కి వస్తుంది. తలకు ఆ సంగతే తెలియదు. కాలు కదిలింది కాబట్టి కుక్కకు బాగైందనుకుంటే మోసపోయినట్టే.

అందుకే రెండో పరీక్ష ఉంది. కాలివేలి ఎముకను సన్న పటకారులాంటి ఫోర్సెప్స్‌తో గట్టిగా నొక్కాలి. అప్పుడు కాలు చూడకూడదు. ముఖం చూడాలి. కుక్క తల తిప్పిందా? మూలిగిందా? కరవబోయిందా? కనుపాప పెద్దదైందా? వీటిలో ఒక్కటి జరిగినా నొప్పి తలదాకా చేరిందని అర్థం. వెన్నుపాము అంతా పోలేదని అర్థం. అలాంటి కుక్కల్లో చాలామటుకు వాటంతట అవే, కాస్త సేవతో, మళ్ళీ లేస్తాయి. నా విద్యార్థులకు ఈ పాఠం చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. కాలు కదిలిందని సంబరపడకండర్రా, జవాబు ముఖంలో ఉంటుంది అనేవాణ్ణి.

ఇప్పుడు అసలు సంగతి.

రామచంద్రపురం చుట్టుపక్కల అప్పట్లో ఒక తైలం స్వామి తయారయ్యాడు. మంత్రించిన నూనె రాసి చచ్చిన నరాన్ని లేపుతానని చెప్పుకునేవాడు. పక్షవాతం వచ్చినవాళ్ళు, నడుం విరిగినవాళ్ళు, పుట్టుకతో కాళ్ళు రానివాళ్ళు ఆటోల్లో వెళ్ళేవారు. మా హేతువాద సంఘం ఆయనకు సవాలు విసిరింది. మనిషి మీద పరీక్ష పెట్టలేం కాబట్టి కాళ్ళు పడిపోయిన కుక్కను తెస్తాం, లేపి చూపించమన్నాం. స్వామి ఒప్పుకున్నాడు. సభకు ముందు కొన్నాళ్ళు రోజూ సాయంత్రం ఆయన వచ్చి నూనె రాసేటట్టు, సభలో నేను పరీక్ష చేసేటట్టు మాట అయింది.

కుక్కను వెతికి ఎంచింది నేనే. దాని పేరు బంటి. వరలక్ష్మి గారని హిందీ టీచరు, ఆవిడ పెంపుడు కుక్క. కాలవగట్టు మీద ఎరువుల లారీ గుద్ది పోయింది. నేను చూసిన రోజున దాని వెనకకాళ్ళు రెండూ నేల మీద గుడ్డల్లా పడి ఉన్నాయి. వేళ్ళ మధ్య గిల్లాను. కాలు ముడుచుకుంది. ఎముక నొక్కాను. ముఖంలో ఏమీ లేదు. ఎటో చూస్తూ ఉంది. నాకు కావలసింది సరిగ్గా అదే. కాలు కదులుతుంది, నొప్పి తెలియదు. స్వామి కాలు గిల్లి కదిలించి మహిమ అంటాడు, నేను లేచి గుట్టు విప్పుతాను. ఇంతకంటే మంచి ప్రదర్శన వస్తువు దొరకదు అనుకున్నాను. చూశారా, వస్తువు అనుకున్నాను. వరలక్ష్మి గారి ఒళ్ళో తల పెట్టుకుని ఉన్న ప్రాణిని చూసి అలా అనుకున్నాను.

సభ రోజు మార్కెట్ యార్డు షెడ్డు నిండిపోయింది. ధాన్యం బస్తాల మీద కూడా ఎక్కి కూర్చున్నారు. వేదిక మీద బంటిని పడుకోబెట్టుకుని వరలక్ష్మి గారు పక్కనే కూర్చున్నారు. స్వామి ముందు లేచాడు. కళ్ళు మూసుకుని ఏదో గొణిగి బంటి పాదాన్ని గోటితో గీకాడు. కాలు ముడుచుకుంది. షెడ్డు అంతా ఒక్కసారి హో అంది. ఆడవాళ్ళు చేతులు జోడించారు.

నేను లేచాను. నాకు ఇప్పటికీ ఆ లేవడం గుర్తుంది. ఎంత హాయిగా లేచానో. మైకు తీసుకుని, వెన్నుపాము అంటే ఏమిటో, కబురు ఎక్కడిదాకా వెళ్ళి ఎక్కడ తిరుగుతుందో చెప్పాను. బల్ల మీద ఇద్దరు కార్యకర్తలను నిలబెట్టి మధ్యలో తాడు పట్టించి కోసి చూపించాను. తర్వాత నేనే పాదం గిల్లాను. కాలు ముడుచుకుంది.

"ఏవండోయ్ డాక్టరు గారూ! స్వామి గిల్లితే మహిమాండీ, మీరు గిల్లితే సైన్సాండీ?" అని బస్తాల మీద నుంచి ఒకాయన అరిచాడు.

"ఎవరు గిల్లినా రిఫ్లెక్సేనండి. స్వామి గారు లేకపోయినా ముడుచుకుంటుంది, నేను లేకపోయినా ముడుచుకుంటుంది. కావాలంటే మీరొచ్చి గిల్లండి, రేపటి నుంచి మీరూ స్వామే!" అన్నాను.

నవ్వులతో షెడ్డు అదిరిపోయింది. స్వామి మొహం వాడిపోయింది. ఇక చివరి దెబ్బ మిగిలింది. ఫోర్సెప్స్ తీశాను. సెల్‌ఫోన్లో వీడియో తీస్తున్న మా కార్యకర్తను పిలిచి, దగ్గరకు రా, కెమెరా కాలు మీద పెట్టు అన్నాను. జనానికి కూడా చెప్పాను. "అందరూ కాలు చూడండి."

ఎందుకలా అన్నాను? నా విద్యార్థులకు జీవితమంతా చెప్పినదానికి సరిగ్గా తిరగేసి ఎందుకు చెప్పాను? అప్పటికి నాకు దురుద్దేశం లేదు. ముఖంలో ఏమీ ఉండదని నాకు ముందే తెలుసు అనుకున్నాను. పరీక్షకు ముందే ఫలితం తెలుసనుకోవడం కంటే పెద్ద మూఢనమ్మకం ఉందా? ఆ సంగతి రాసినవాణ్ణే నేను. వ్యాసాలకు వ్యాసాలు రాసినవాణ్ణి.

నొక్కాను.

బంటి తల తిప్పింది. పై పెదవి లేచింది. నా కళ్ళలోకి సూటిగా ఒక్కసారి చూసి, చిన్నగా మూలిగి, వరలక్ష్మి గారి చీర కుచ్చెళ్ళలో మూతి దూర్చుకుంది.

వాపు తగ్గి ఉంటుంది. వెన్నుపాములో మిగిలిన దారాల్లోంచి కబురు మళ్ళీ పైకి నడవడం మొదలుపెట్టి ఉంటుంది. దెబ్బ తగిలిన కొన్నాళ్ళకు అలా జరగడం నా పరిశోధనలో నేనే చూశాను. అది మంచి వార్త. ఆ కుక్క లేస్తుందని చెప్పే వార్త. షెడ్డులో ఆ వార్త చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. మిగిలిన వందల కళ్ళూ నేను చూడమన్నచోటే ఉన్నాయి.

ఆ క్షణంలో ఏం ఆలోచించానో దాచకుండా చెబుతాను. నొప్పి తెలిసింది అంటే, ఇన్నాళ్ళూ నూనె రాసింది ఎవరు అని అడుగుతారు. వాపు అనీ, వాటంతట అవే కోలుకుంటాయనీ చెప్పడానికి పావుగంట కావాలి. స్వామికి జై కొట్టడానికి అర నిమిషం చాలు. నా పావుగంట ఎవరు వింటారు? జనాన్ని నేను నమ్మలేదు. జనం ఆలోచించగలరని ఊరూరా చెప్పిన నేను, ఆ ఒక్కసారీ, అవసరమైన ఆ ఒక్కసారీ, వాళ్ళు ఆలోచించలేరని తీర్పు చెప్పేశాను. ఇది వాళ్ళకు నేను చేసిన మొదటి అవమానం.

మైకులో అన్నాను. "చూశారుగా. కాలు కదిలింది. కుక్కకు తెలియనే తెలియదు. ఈ నరాలు చచ్చిపోయాయి. ఏ తైలమూ వీటిని లేపలేదు, లేపబోదు."

చప్పట్లు ఆగలేదు. స్వామి పక్క గేటు నుంచి వెళ్ళిపోయాడు. నన్ను భుజాల మీద ఎత్తారు. మర్నాడు పత్రికల్లో నా ఫొటో వచ్చింది. ఆ రోజు భుజాల మీంచి నన్ను దించాక మాత్రం వరలక్ష్మి గారు దగ్గరకు వచ్చారు.

"డాక్టరు గారండీ, అది తల తిప్పిందండి. నొప్పెట్టి నా ఒళ్ళో దూరిపోయిందండి."

"అదీ రిఫ్లెక్సేనమ్మా."

"కాలు లాక్కోడం రిఫ్లెక్సు అన్నారు కదండీ ఇందాక. మీ వంక చూడ్డం కూడానాండి?"

"మీకు దాని మీద ప్రేమ కదమ్మా. ప్రేమ ఉంటే లేనివి కనిపిస్తాయి. దాన్ని ఇంకా బాధపెట్టకండి. ప్రాణం పోయే నిద్ర ఇంజెక్షను ఇప్పించేద్దాం."

ఆవిడ నా మొహం వంక చూసింది. "బాధ తెలీదన్నారుగా మరి? తెలీనిదానికి బాధేంటండీ?" అని, కుక్కను ఎత్తుకుని ఆటో ఎక్కేసింది.

తర్కంలో నన్ను అంత శుభ్రంగా ఓడించినవాళ్ళు అంతకుముందు లేరు, తర్వాతా లేరు. కదులుతున్న ఆటో వైపు చెయ్యి ఊపాను.

బంటి లేచింది. ఆవిడ రోజూ పాత తువ్వాలు కడుపు కింద వేసి ఎత్తి నడిపించింది. ముందు తూలుతూ, తర్వాత కుంటుతూ, ఆ తర్వాత వీధిలో కోళ్ళను తరుముతూ. బంటి పరుగును ఎవరో వీడియో తీస్తే అది జిల్లా అంతా తిరిగింది. స్వామి మనుషులు ఆ వీడియో పక్కన నా ప్రసంగం ముక్క అతికించారు. "ఈ నరాలు చచ్చిపోయాయి" అని నేను గర్జిస్తున్నాను. పక్కన బంటి పరిగెత్తుతోంది.

అర్థమైందా మీకు? చచ్చిన నరాన్ని లేపానని చెప్పుకోవాలంటే, అది చచ్చిందని ఎవరో ఒకరు ధ్రువీకరించాలి. శాస్త్రం తెలిసినవాడు, అందరూ నమ్మేవాడు, పైగా స్వామికి శత్రువు. అంతకంటే గట్టి సాక్షి ఎక్కడ దొరుకుతాడు? స్వామికి అంతకుముందు ఒక్క మహిమా లేదు. ఉన్న ఒక్కటీ నేను ఇచ్చాను. ఆ రోజు నిజం చెప్పి ఉంటే, నరం బతికే ఉందని చెప్పి ఉంటే, ఆయన లేపడానికి అక్కడ ఏమీ మిగిలేది కాదు. నేను మూఢనమ్మకాన్ని చంపడానికి ఆడిన అబద్ధమే దానికి కాళ్ళు తెచ్చిపెట్టింది.

వరలక్ష్మి గారిని ఎవరో అడిగితే ఆవిడ అన్నదట: "వాళ్ళూ నూనె రాశారు, నేనూ నడిపించాను. ఏది పనిచేసిందో నాకేం తెలుసండీ? డాక్టరు గారైతే చచ్చిందన్నారు, అదైతే నడిచింది." ఆవిడ మాటలో తప్పు వెతకండి, దొరకదు. తప్పంతా నా సాక్ష్యంలో ఉంది.

అప్పుడైనా చెప్పానా? లేదు. వెన్నుపాము తెగినా కొన్ని కుక్కలు నొప్పి తెలియకుండానే నడుస్తాయి, అది కూడా రిఫ్లెక్సు నడకే అని వ్యాసం రాశాను. అలాంటి నడక నిజంగానే ఉంది. బంటిది అది కాదు. నిజమైన శాస్త్రాన్ని తీసుకొచ్చి అబద్ధం మీద కప్పాను. స్వామి కూడా అంత నేర్పుగా చెయ్యలేడు. నా పరిశోధన అచ్చయినప్పుడు అందులో బంటి లేదు. పరీక్షించిన కుక్కలన్నీ ఉన్నాయి, అన్నిటికంటే బాగా నాకు తెలిసిన కుక్క లేదు.

ఇంతవరకూ అయితే ఇది ఒక కుక్క కథ, ఒక అహంకారి కథ. ఇక్కడితో ఆగలేదు.

కొన్నేళ్ళ తర్వాత మా సంఘం వాళ్ళతో కలిసి స్వామి ఆశ్రమం చూడడానికి వెళ్ళాను. రేకుల షెడ్డులో మంచాల మీద మనుషులు పడుకుని ఉన్నారు. గోడ మీద బంటి బొమ్మ, పక్కన నా బొమ్మ. ఒక మంచం మీద సత్తిబాబు ఉన్నాడు. కోనసీమ కుర్రాడు, కొబ్బరి దింపు తీసేవాడు. చెట్టు మీంచి పడ్డాడు. పక్కన భార్య మంగ విసనకర్రతో విసురుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"మీరే కదండీ ఆ డాక్టరు గారు?" అని గోడ వైపు చూపించింది.

అవునన్నాను. కాకినాడ తీసుకెళ్ళండి, ఆపరేషను చేస్తారు, తర్వాత కాళ్ళకు కసరత్తు చేయిస్తారు, ఇక్కడ రోజులు పోగొట్టుకోకండి అన్నాను.

"అక్కడ ఆపరేషను చేసినా లేస్తాడని చెప్పలేమన్నారండి. ఇక్కడైతే మీరు చచ్చిందన్న కాలే నడిచింది కదండీ. మా ఆయనది అంతగా చావలేదు కూడానండి. బొటనవేలు గట్టిగా నొక్కితే తెలుస్తుందండి."

బొటనవేలు తెలుస్తోంది. అదే కబురు. బంటి ముఖంలో నేను చదివి దాచిన కబురు.

"అమ్మా, నా మాట విను. వెంటనే తీసుకెళ్ళండి" అన్నాను.

మంగ మర్యాదగానే అంది. "మీరు పెద్దోరండి. కానీ మీ మాట ఒకసారి తప్పింది కదండీ."

ఒక్క వాక్యం చాలు అప్పుడు. నా మాట తప్పలేదమ్మా, నేను అబద్ధం చెప్పాను, ఆ కుక్క నరం చావలేదు, స్వామి లేపలేదు. ఇది చెబితే ఆమె ఆ పూటే మంచం కదిలించేది. నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన మా సంఘం వాళ్ళు ఉన్నారు. నన్ను భుజాల మీద మోసినవాళ్ళు. నేను మింగేశాను. మీ ఇష్టం అన్నాను. బయటికి వచ్చి, ప్రజల అజ్ఞానం గురించి కారులో దారి పొడుగునా మాట్లాడాను.

సత్తిబాబు అక్కడ నెలల తరబడి ఉన్నాడు. వీపు మీద పుళ్ళు పడ్డాక, జ్వరం వచ్చాక కాకినాడ తీసుకెళ్ళారు. బతికాడు. లేవలేదు. ముందే వెళ్ళి ఉంటే లేచేవాడా? ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పలేను. ఈ 'చెప్పలేను' వెనక దాక్కోవాలని నాకు ఎన్నోసార్లు అనిపించింది. కానీ వాళ్ళకు ఎంచుకునే అవకాశం ఒకటి ఉండేది, నిజం తెలిసి ఎంచుకునే అవకాశం. దాన్ని తీసేసింది నేను. ఇది మాత్రం చెప్పగలను.

కిందటి నెల రామచంద్రపురంలో స్వామి నరాల మహాశిబిరం పెడుతున్నాడని గోడల నిండా పోస్టర్లు వెలిశాయి. మా సంఘం ఒక కల్యాణమండపంలో సభ పెట్టి నన్ను పిలిచింది. వెళ్ళాను. ఈసారి చెప్పాలని నిశ్చయించుకునే వెళ్ళాను. మండపంలో సగం మంది స్వామి భక్తులే. ముందు వరసలో వరలక్ష్మి గారు. పక్క వరస చివర, చక్రాల కుర్చీలో సత్తిబాబు. వెనక మంగ. వాళ్ళు వస్తారని నాకు తెలియదు.

మొదలుపెట్టాను. కాలు, కబురు, ముఖం అన్నీ చెప్పాను. బంటి నరం చావలేదని చెప్పాను. "ఆ రోజు నేను పొరపాటు చేశాను" అన్నాను.

చప్పట్లు కొట్టారు. మీరు నమ్ముతారా? చప్పట్లు! ఎంత గొప్ప మనసు, తప్పు ఒప్పుకున్నారు అని వేదిక మీద పక్కనున్నాయన నా చెవిలో అన్నాడు. ఒక్క క్షణం, సిగ్గు లేకుండా, నాకు హాయిగా అనిపించింది. పొరపాటు అన్న మాట ఎంత మెత్తగా ఉంటుందో చూడండి. మళ్ళీ దాక్కున్నాను. ఒప్పుకుంటూనే దాక్కున్నాను.

సత్తిబాబు చెయ్యెత్తాడు.

"డాక్టరు గారండీ. పొరపాటంటే తెలీక చేసేదండి. మీరా రోజు కుక్క మొహం చూళ్ళేదాండి? చూసి కూడా చచ్చిందని చెప్పలేదాండి?"

చప్పట్లు కొట్టే చేతులు ఆగాయి. అతని గొంతులో కోపం లేదు. వేలి ఎముక మీద సరిగ్గా ఎక్కడ నొక్కాలో అక్కడ నొక్కి, అతను నా ముఖం చూస్తున్నాడు.

"చూశాను" అన్నాను.

"మైకులో చెప్పండి. ఎనకాలోళ్ళకి వినపళ్ళేదు."

మైకు దగ్గరకు తీసుకున్నాను. "చూశాను. అది తల తిప్పింది. నా కళ్ళలోకి చూసింది. లేస్తుందని నాకు ఆ క్షణమే తెలుసు. తెలిసి చచ్చిందని చెప్పాను. స్వామి ఓడిపోవాలని చెప్పాను. ఆశ్రమంలో ఈ సత్తిబాబు మంచం పక్కన నిలబడి కూడా చెప్పలేదు."

"నేనారోజే చెప్పానండీ, తల తిప్పిందని! ప్రేమన్నారు!" అని వరలక్ష్మి గారు లేచి నిలబడి అన్నారు.

మా సంఘం అధ్యక్షుడు తల వంచుకున్నాడు. ఎవరో కుర్చీ తోసుకుని బయటికి వెళ్ళిపోయారు. అప్పుడు స్వామి భక్తుల వరసలోంచి ఒక ముసలి రైతు లేచాడు. నన్ను కొట్టడానికే లేచాడనుకున్నాను.

"ఉండండుండండి. నాకర్థం కావాలి. అయితే మరి స్వామీ లేపలేదు, మీరూ చంపలేదు. నరం దాని మానాన అది బతికే ఉంది. మధ్యలో మీరిద్దరూ పేరు కొట్టేశారన్నమాట!"

మండపం ఒక్కసారిగా నవ్వింది. నన్ను చూసీ నవ్వింది, స్వామిని చూసీ నవ్వింది. అందరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మా నాన్నకు కాలివేలు తెలుస్తుందా అని ఒకావిడ పక్కావిడను అడుగుతోంది. ఎలా నొక్కాలండీ, ముఖం చూడాలా అని ఒకాయన నా దగ్గరకే వచ్చాడు. ఆ పావుగంట! వాళ్ళు వినరని నేను ఆ రోజు ఇవ్వని పావుగంటను వాళ్ళు ఇప్పుడు తామే తీసుకున్నారు. నా ప్రసంగాలన్నీ కలిపి చెయ్యలేని పని, నా పరువు పోవడం చేసింది. స్వామి దగ్గరున్న ఒకే ఒక్క మహిమ మా అందరి కళ్ళ ముందు పేలిపోయింది. అవును, నేను సంతోషించాను. ఓడిపోయినవాడికి ఇంత సంతోషం ఉంటుందా అని మీరు అడగవచ్చు. ఓడింది నేను. నేను జీవితమంతా ఏ మాట కోసం అరిచానో ఆ మాట గెలిచింది. ఆధారం అందరిదీ, దాన్ని ఎవడూ దాచకూడదు, దాచినవాడు హేతువాది అయినా సరే వాణ్ణి నిలదీయాలి. నన్ను నిలదీశారు. ఇంతకంటే గొప్ప విజయం నా సంఘానికి నేను ఎప్పుడూ తెచ్చిపెట్టలేదు.

శిబిరం జరిగింది. ఆగిపోయిందని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. పలచగా జరిగింది.

సభ అయ్యాక సత్తిబాబు కుర్చీని మంగ గుమ్మం వైపు తోస్తోంది. మండపానికి మెట్లు ఉన్నాయి, వాలుదారి లేదు. నేను పరుగున వెళ్ళి ముందు చక్రాలు పట్టుకోబోయాను.

"వద్దండి" అన్నాడు సత్తిబాబు. "మేం దిగుతాం."

మంగ నా వైపు చూడలేదు. ఆ ముసలి రైతూ ఇంకెవరో ఇద్దరూ వచ్చి కుర్చీ ఎత్తి దించారు. నేను పక్కకు జరిగి దారి ఇచ్చాను. అతను నన్ను క్షమించలేదు. క్షమించమని నేను అడగలేదు. అడిగి ఉంటే, ఇవ్వవలసినవాడు మళ్ళీ అతనే అయ్యేవాడు.

కాకినాడ బస్సు ఎక్కాను. కిటికీ పక్కన ఎండ మొహం మీద పడుతోంది. పొలాల్లో కోత యంత్రాలు తిరుగుతున్నాయి. నడిచే బస్సులో నాకు నిద్రపట్టే అలవాటు ఎప్పుడూ లేదు. ఆ రోజు కూర్చున్నచోటే తల వాల్చేశాను. కాకినాడ బస్సుల కాంప్లెక్సులో అందరూ దిగిపోయాక కండక్టరు వచ్చి భుజం కుదిపి, "పెద్దాయనా, వచ్చేశామండి" అని లేపేదాకా నాకు తెలియలేదు.